సముద్రం కింద అగ్నిపర్వతాన్ని సీస్మిక్ సర్వే ఎట్ల పట్టిస్తది?

ప్రశ్నల రెండు ముక్కలున్నయి: తీరాల పొంటి సముద్రం అడుగున అగ్నిపర్వతం ఉన్నదని ఎట్ల చెప్తరు, అది ఇప్పుడు బతికే ఉన్నదా అనేది తెలుస్తదా అని. సీస్మిక్ సర్వే అంటే నీళ్లల్లకు చప్పుడు పంపి, అడుగున రాతిపొరలకు తగిలి వచ్చే ప్రతిధ్వని వినుడు. ఓడతోటి చేసే ఈ సర్వే ఒక్కటే అయితే రెండోది తెలువది. అది ఎక్స్‌రే లెక్క బొక్కలు చూపెడ్తది గాని నాడి చూడది.

దేవరకొండ దిక్కు బోరు బండి కంప్రెసర్ చూసినోళ్లకు ఎయిర్‌గన్ (బిగబట్టిన గాలిని ఒక్కసారే నీళ్లల్లకు వదిలి చప్పుడు చేసే గన్ను) కొత్తేం కాదు. బండి గాలి ఒత్తిడి 300 పీఎస్‌ఐ అటుఇటు ఉంటే, గన్నుల 2000 పీఎస్‌ఐ. ఓడ 4-5 నాట్ల మీద పోతుంటే 50 మీటర్లకో షాట్, అంటే దగ్గరదగ్గర 22 సెకన్లకొకటి. ఎనుక కిలోమీటర్ల పొడుగు స్ట్రీమర్ అనే కేబుల్, దాంట్ల 12.5 మీటర్లకో హైడ్రోఫోన్ (నీళ్లల్ల మైకు) గుంపు. బసాల్ట్ (గట్టిపడ్డ లావా రాయి) సన్న చప్పుడును చెదరగొడ్తది. అందుకే అసొంటి కాడ పెద్ద గన్లు పెట్టి, ఇంకింత లోతుకు దించి, బొంగురు చప్పుడు పంపుతరు.

మోసం మల్టిపుల్ (రెండుసార్లు కొట్టుకొచ్చే ప్రతిధ్వని) కాడ జరుగుతది. నీటి లోతు 1500 మీటర్లయితే అడుగు 2 సెకన్ల కాడ కనపడ్తది. అదే చప్పుడు నీళ్ల పైభాగానికి తగిలి మళ్ల కిందికి పోయొస్తే, 4 సెకన్ల కాడ ఇంకో అడుగు. అసలు గుట్ట కింద దొంగ గుట్ట, వాలు రెండింతలు. దానికి ఎర్రరంగేసి మాగ్మా గోపురమని స్లైడ్ల పెట్టేటోళ్లు మస్తుమంది. ముందు స్కేలు పట్టి టైము కొలువాలె, సరిగ్గ రెండింతలుంటే అది దొంగదే.

ఇంకోటి. పొరల నడుమ అడ్డంగా పరుచుకొని గట్టిపడ్డ మాగ్మా, అంటే సిల్, సర్వే బొమ్మల తళతళ మెరుస్తది. నల్గొండ గ్రానైట్‌ల దూరి, క్వారీలల్ల నల్లరాయి పేరుతోటి కోసే డైకు అసొంటి నిలువు గోడ ఉంటే మాత్రం చప్పుడు పైకి తిరిగి రాదు. పొరలు తెగినట్టు కనపడ్తే కనపడొచ్చు, అంతే. దానికి మాగ్నెటోమీటర్ (అయస్కాంత బలం కొలిచే యంత్రం) ఎంబడి లాగాల్సిందే.

నాడి చూడాల్నంటే ఓబీఎస్‌లను (సముద్రం అడుగున పెట్టే భూకంప యంత్రాలను) నెలల కొద్దీ అడుగున వదిలి, చిన్న భూకంపాలు, సన్నటి ఎడతెగని వణుకు వినాలె. దాంట్ల అందరు బ్యాటరీ గురించే మాట్లాడ్తరు గాని కొంప ముంచేది గడియారం. క్వార్ట్జ్ గడియారం రోజుకు ఒక మిల్లీసెకను జరిగినా నెలకు 30. సెకనుకు 6 కిలోమీటర్లు పోయే రాయిల అది 180 మీటర్ల తప్పు. దించే ముందు ఒకసారి, పైకి తీసినంక ఒకసారి జీపీఎస్‌తో సరిచూసి, తేడాను రోజులకు పంచుతరు. తీసేలోపు బ్యాటరీ సచ్చిందంటే రెండో కొలత పాయె.

2016 డిసెంబర్ 31న ప్రపంచ గడియారాలకు ఒక లీప్ సెకను (భూమి తిరుగుడుకు సరిపెట్టెతందుకు ఎక్కువ కలిపే సెకను) కలిపిండ్రు. ఆ రాత్రి నీళ్లల్ల ఉన్న ఓబీఎస్ పెట్టెలల్ల ఆ సెకను తేడాను సుత గడియారం జరుగుబాటే అనుకోని పంచితే, మొత్తం రికార్డు ఖరాబే. ముందు ఆ రాత్రి కాడ సెకను దిద్ది, మిగిలిన మిల్లీసెకన్లనే పంచాలె.