సంగీతం నేర్పిస్తే పాపకు మంచి గుణాలు వస్తాయా? మా ఊరి హరిశ్చంద్ర నాటకం చూసి నాకు తెలిసింది

ఎనిమిదేళ్ళ పాపను కర్ణాటక సంగీతం క్లాసులో చేర్చాలనుకుంటున్నామని, సంగీతం, సాహిత్యం లాంటి గొప్ప కళలు మనిషిని మంచివాళ్ళను చేస్తాయని మీ అత్తగారు అంటున్నారని, అది నిజమేనా అని అడిగారు.

వింటే రావు. ఇది ముందే చెప్పేస్తాను. నేర్చుకుంటే మాత్రం ఒకే ఒక్క గుణం వస్తుంది, అది కూడా అందరికీ కాదు. ఆ గుణమేమిటో చెప్పాలంటే మా ఊరి నాటకం గురించి చెప్పాలి. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. ఇప్పుడు అనంతపురంలో డ్రిప్పు పైపులు, మోటారు సామాన్ల అంగడి పెట్టుకున్నాను. మా వైపు నాటకం అంటే పద్యనాటకమే. సంక్రాంతి అయిపోగానే ఒక హార్మోనియం మాస్టరును మాట్లాడుకుని, ఊర్లోనే ఎవరింట్లోనో ఉంచుకుని, రాత్రిళ్ళు రిహార్సల్ చేసి శ్రీరామనవమికి ఆడేవాళ్ళు. వేషాలు కట్టేది సేద్యం చేసుకునేవాళ్ళు, గొర్రెలు కాసుకునేవాళ్ళు. చంద్రమతి వేషానికి మాత్రం టౌను నుంచి ఆర్టిస్టు వచ్చేది. డ్రెస్సులు, పరదాలు అనంతపురంలో బాడుగకు తెచ్చేవాళ్ళం. 1997లో హరిశ్చంద్ర వేశాం. నాకప్పుడు పదిహేడేళ్ళు, నక్షత్రకుడి వేషం నాది. హరిశ్చంద్రుడు మా పెదనాయన.

పెదనాయన ఊర్లో వడ్డీకి డబ్బులిచ్చేవాడు. నూటికి మూడు రూపాయలు. శనక్కాయ పంట ఎండిపోయిన ఏడు కూడా వడ్డీ వదిలిన మనిషి కాదు. ఆయన మాటకు ఎదురు చెప్పినవాణ్ణి నేను చూడలేదు, మా నాయనతో సహా. అట్లాంటి మనిషి కాటి సీను పద్యం అందుకుంటే చాలు, కళ్ళ నీళ్ళు కారిపోయేవి. స్టేజీ మీదే కాదు, రిహార్సల్లో కూడా. తెల్లారి రచ్చకట్ట దగ్గర బాకీదారుణ్ణి నిలబెట్టి, నలుగురూ వింటుండగా అడగరాని మాటలు అడిగేవాడు. రాత్రి ఏడుపు దొంగ ఏడుపు కాదు, ఆయనను ఎరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నా. అందుకే పాట విని, పద్యం విని గుండె కరిగితే మనిషి మారిపోతాడంటే నేను నమ్మను. గుండె కరుగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది.

ఇంకో మాట. ఆ కాటి సీనులో పాడే పద్యాల్లో బాగా పేరున్నవి గుర్రం జాషువా గారివి. నాటకమేమో బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. నటులు జాషువా గారి పద్యాలు కలుపుకుని పాడుతూ పాడుతూ, అవి నాటకంలోవే అన్నంతగా జనం నోట నిలిచిపోయాయి. జాషువా గారు 1895లో వినుకొండలో పుట్టిన దళిత కవి. కులం పేరుతో ఆయన పడిన అవమానాలు ఇన్నీ అన్నీ కావు. ఆయన పద్యానికి అర్ధరాత్రి లేచి వన్స్‌మోర్ కొట్టిన ఊర్లలోనే పొద్దున టీ హోటల్లో ఎస్సీలకు వేరే గ్లాసు ఉండేది. మా ఊర్లోనూ ఉండేది, నా కళ్ళతో చూశాను. అన్ని ఏళ్ళు, అన్ని రాత్రులు అంత గొప్ప పద్యం విన్నారు కదా, ఆ గ్లాసు ఎందుకు పోలేదు?

ఇప్పుడు టౌన్లో జరిగే సభల సంగతి సరేసరి. పోయిన ఏడాది ఒక కచేరీకి వెళ్తే, రెండు గంటలు శాలువాలు కప్పుకోవడానికే సరిపోయింది. పాడిన అమ్మాయికి ముప్పావు గంట మిగిలింది. ముందు వరుసలో కూర్చున్న పెద్దలు శాలువా అందగానే కార్లెక్కి వెళ్ళిపోయారు. పాపం ఆ అమ్మాయి ఖాళీ సోఫాలకు పాడింది. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ తలుచుకుంటే వస్తుంది.

సరే, మాస్టరు దగ్గరికి వస్తాను. ధర్మవరం వైపు మనిషి, సన్నగా ఉండేవాడు. ఆయన హార్మోనియంలో ఒక రీడు పలికేది కాదు. అక్కడికి వచ్చేసరికి ఆ స్వరాన్ని నోటితో పలికి, మళ్ళీ వేళ్ళతో అందుకునేవాడు. ఆయనది ఒక పద్ధతి. పాడేవాడు శ్రుతి తప్పగానే తిత్తి, అంటే పెట్టెకు గాలి కొట్టేది, ఆపేస్తాడు. తిట్టడు, మొహం చిట్లించడు. పెట్టె ఆగిపోయేసరికి పాడేవాడి గొంతు ఒక్కటే మిగిలిపోతుంది, ఎంత తప్పిందో పక్కన బీడీ తాగేవాడికి కూడా తెలిసిపోతుంది. అప్పుడు మెల్లగా "మళ్ళీ" అంటాడు. అంతే.

ఒక రాత్రి కరెంటు పోయింది, లాంతరు పెట్టుకుని కూర్చున్నాం. పెదనాయన ఒక పద్యం మూడో పాదంలో పైకి వెళ్ళేచోట జారిపోతున్నాడు. తిత్తి ఆగింది. మళ్ళీ. ఆగింది. మళ్ళీ. నేను లెక్కపెట్టాను, పదకొండు సార్లు. మాకందరికీ టెన్షన్, ఈ మనిషి ఇప్పుడు లేచి మాస్టరును కొడతాడు, లేదా పొద్దున మూటాముల్లె సర్దించి బస్సెక్కిస్తాడు అని. కొట్టలేదు. కండువాతో మొహం తుడుచుకుని పన్నెండోసారి ఎత్తుకున్నాడు. శ్రుతిని డబ్బుతో సరిచేయలేడు, అరిచి సరిచేయలేడు. ఊర్లో ఆయన కింద లేనిది అదొక్కటే అనుకుంటా.

వీరబాహుడి వేషం ఎస్సీ గేరిలోని ఒక సేద్యగాడిది. ఆ నాటకం తర్వాత ఊరంతా ఆయనను వీరబాహుడనే పిలిచింది, నేనూ అట్లాగే రాస్తాను. చదువు రాదు. తన పోర్షన్ మొత్తం చెవితోనే పట్టాడు. మూలన కూర్చుని వింటూ వింటూ మిగతావాళ్ళ పద్యాలు కూడా పట్టేశాడు. ఆయన పాడితే మాస్టరు తిత్తి ఆపిన సందర్భం నాకు గుర్తు లేదు. పెదనాయనకు బాకీ ఉన్నవాళ్ళలో ఆయనా ఒకడు.

ఆ పదకొండు సార్ల రాత్రి గడిచాక, మధ్యాహ్నం పెదనాయన "రారా" అని నన్ను వెంటబెట్టుకుని ఎస్సీ గేరికి నడిచాడు. ఆయన ఆ గేరిలో కాలు పెట్టడం నేను అదే మొదటిసారి చూడడం. బాకీ వసూలుకు కూడా మనిషిని పంపేవాడు. మమ్మల్ని చూసి వీరబాహుడు గబుక్కున లేచాడు, వాళ్ళావిడ చేటలో శనక్కాయలు ఒలుస్తున్నది అట్లాగే ఆపేసింది. వడ్డీకే వచ్చాడనుకున్నారు పాపం. పెదనాయన వాకిట్లో బండ మీద కూర్చున్నాడు.

"ఆ మూడో పాదం నువ్వెట్ల పాడతావో ఒకసారి పాడు."

వీరబాహుడు పాడలేదు, ఏదో తప్పు పట్టడానికి వచ్చాడనుకున్నాడేమో. "పాడబ్బా, నేర్చుకునేదానికే వచ్చినా" అన్నాడు పెదనాయన. అప్పుడు పాడాడు, నిలబడే, చేతులు కట్టుకుని. పాడి, కాసేపు నేల చూసి, "రెడ్డీ, నువ్వు మాటను నడిమధ్యలో తెంపి గాలి పీలుస్తావు. అందుకే పైకి పోయేసరికి దమ్ము చాలదు. మాట అయినాంక పీల్చు" అన్నాడు. పెదనాయన జేబులోంచి పోర్షన్ నోట్‌బుక్కు తీసి నా చేతిలో పెట్టి, ఎక్కడ పీల్చాలో ఆయననే అడిగి గీతలు పెట్టమన్నాడు. నేను పెన్సిల్‌తో మూడు చోట్ల గీతలు పెట్టాను.

వాళ్ళింట్లో నీళ్ళు తాగలేదు పెదనాయన. వడ్డీ ఒక్క రూపాయి తగ్గించలేదు. ఇవి చెప్పకపోతే నేను అబద్ధం రాసినట్టే. కానీ ఆ మనిషి నోటి నుంచి "నేర్చుకునేదానికి వచ్చినా" అనే మాట నేను అంతకుముందు వినలేదు, అదీ తన కింద పనిచేసేవాడితో. ఆ తర్వాత ఐదారేళ్ళకు చీనీ తోట పెట్టినప్పుడు వీరబాహుణ్ణి గట్టు మీద కూర్చోబెట్టుకుని "ఈ నేలకు ఎంత దూరం పెడదాం" అని అడగడం కూడా విన్నాను. తప్పుపట్టిన మనిషి మీద పగ పట్టకుండా ఉండడం, తనకు తెలియనిది తెలిసినవాణ్ణి అడగడం. నేను చెప్పే ఒక్క గుణం ఇదే. ఇది ప్రేక్షకులకు రాదు, తిత్తి ఆగినప్పుడు సిగ్గుపడి మళ్ళీ ఎత్తుకున్నవాడికే వస్తుంది. మా నాటకం చూసినవాళ్ళు వెయ్యిమంది ఉంటారు, వాళ్ళలో ఎవరూ మారినట్టు నాకు కనపడలేదు.

నాకు నచ్చిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. మా పక్కనే కంబదూరు మండలం రాళ్ళపల్లి. అనంతకృష్ణశర్మ గారిది ఆ ఊరే, 1893లో పుట్టారు. మైసూరులో తెలుగు పండితుడిగా పనిచేశారు, సంగీతంలో మహా విద్వాంసుడు. తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద పాట ఉంది, రాగం పేరు ఉంది, ఎట్లా పాడాలో చెప్పే స్వరం లేదు. శర్మ గారు కూర్చుని ఎన్నో పాటలకు స్వరాలు కట్టారు. రేకులు అరలో ఉన్నన్నాళ్ళూ అవి రాగి ముక్కలే కదా. అంత సంస్కృతం, అంత సంగీతం తెలిసిన మనిషి వేమన మీద ఉపన్యాసాలిచ్చారు, పుస్తకం వేశారు. పండితులు వేమనను చిన్నచూపు చూసే రోజులవి. గొప్ప చదువు ఉన్నవాడు ఆటవెలది దగ్గర కూడా కూర్చుని వినగలిగాడు చూడండి, ఆ గుణమే నేననేది.

అసలు ఏది గొప్ప కళ, ఏది కాదు అని గీత గీసేవాళ్ళంటే కూడా నాకు పడదు. లేపాక్షి గుడి పైకప్పు మీద పురాణ కథ బొమ్మ వేస్తే మహా కళ, అదే కథను మా ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలు మీద వేసి దీపం ముందు ఆడిస్తే జానపదం అని పక్కన పెడతారు. ఆ బొమ్మకు రంధ్రాలు పొడిచేటప్పుడు ఉలి పక్కకు పోతే తోలు పాడవుతుంది, పిల్లవాడు మళ్ళీ మొదలుపెట్టాలి. అక్కడ కూడా తిత్తి ఆగినట్టే కదా.

మీ పాప విషయానికి వస్తే, చేర్చండి. సర్టిఫికెట్లు, యూట్యూబు వీడియోలు, వార్షికోత్సవం ఫోటోలు చూసి మాత్రం చేర్చకండి. క్లాసు జరిగేటప్పుడు ఒకరోజు వెళ్ళి వెనక కూర్చోండి. పాప సరళీ వరసల్లో తప్పితే టీచరమ్మ ఆపుతుందా, ఆపి కోప్పడకుండా మళ్ళీ పాడిస్తుందా, లేక ఫీజు పోతుందని "సూపర్ పాడావమ్మా" అంటుందా, అది చూడండి. ఇంట్లో మీరూ అంతే. పాప తప్పు పాడితే బంధువుల ముందు "మా పాప ఎంత బాగా పాడిందో" అనకండి. వీలైతే మీరూ పాపతో పాటు కూర్చుని నేర్చుకోండి, మీ అత్తగారిని కూడా కూర్చోబెట్టండి.