మూడు బిట్లు విరిగితే ఫీల్డ్ మారిపోవాలా?

ప్రశ్న: మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కని కోసే మెషీన్) మీద ట్రైనీగా చేరాను. గట్టి చెక్కలో 15 మి.మీ. లోతు పాకెట్ (గుంట) తీయమన్నారు, మూలల్లో 1 మి.మీ. రేడియస్ రావాలి. 2 మి.మీ. ఎండ్ మిల్ (కోసే బిట్) పెడితే వరసగా మూడు విరిగాయి. భయపడి ఫీడ్ (బిట్ ముందుకు కదిలే వేగం) నిమిషానికి 200 మి.మీ.కి తగ్గించినా అంతే. సూపర్‌వైజర్ అందరి ముందూ తిట్టారు. మెషీన్ వదిలేసి డిజైనింగ్ కోర్సులో చేరిపోనా?

జవాబు: డిజైనింగ్ నేర్చుకుంటానంటే వద్దనను, కానీ తిట్లు పడ్డాయని మాత్రం వెళ్లకు. ఆ 1 మి.మీ. రేడియస్ గీసింది కూడా ఒక డిజైనరే, 2 మి.మీ. బిట్ 15 మి.మీ. లోతులో ఎంత అవస్థ పడుతుందో తెలియకుండా గీసి ఉండొచ్చు. నువ్వూ అలాగే గీస్తావా, ఇంకొకడి బిట్ విరగ్గొట్టడానికి?

ముందు నీ బిట్ సంగతి చూద్దాం. కొలెట్ (బిట్‌ని పట్టుకునే బిగింపు) నుంచి బయటికొచ్చిన పొడవు రెట్టింపైతే వంగడం 8 రెట్లవుతుంది, అదే పొడవుకి వ్యాసం సగమైతే 16 రెట్లు. లోతు 15 కదా అని 15 పైగా ఫ్లూట్ ఉన్న బిట్ తీసుకుని ఉంటావు, దాదాపు అందరూ మొదట చేసే పని అదే, నేనూ చేశాను. ఫ్లూట్ అంటే గాడి, గాడి పొడవున బిట్ లోపల మిగిలే కండ చాలా తక్కువ. పాస్‌కి, అంటే ఒక్కో విడతకి, 1 మి.మీ. దిగే బిట్‌కి అంత పొడుగు ఫ్లూట్ ఎందుకు చెప్పు? ఫ్లూట్ పొట్టిగా ఉండి, దానిపైన మెడ కట్టర్ కంటే కాస్త సన్నగా గోడకి తగలకుండా చెక్కిన లాంగ్ రీచ్ బిట్లు దొరుకుతాయి. లోతుకి అవి వాడాలి.

అసలు పాకెట్ మొత్తం 2 మి.మీ. బిట్‌తో తీయడమెందుకు? 6 మి.మీ.తో ఖాళీ చేసేయ్, మూలల్లో మిగిలిన ముక్కకి మాత్రమే చిన్నది పంపు. అన్నిటికంటే ముందు డ్రాయింగ్ ఇచ్చినవాళ్లని ఒక్క మాట అడగాల్సింది, "రేడియస్ 2 చేస్తే ఏమైనా ఇబ్బందా?" అని. సరేనంటే 4 మి.మీ. బిట్ సరిపోతుంది. ట్రైనీ అడగకూడదని రూలేం లేదు, అలా అడిగేవాడినే నేనైతే పనిలో పెట్టుకుంటాను.

ఫీడ్ తగ్గించావు చూడు, అక్కడే దెబ్బతిన్నావు. 18,000 ఆర్‌పీఎం, రెండు ఫ్లూట్లు అనుకుంటే 200 ఫీడ్‌లో ఒక్కో అంచుకి కోయడానికి 0.006 మి.మీ. చెక్క కూడా దక్కదు, అంటే అది కోయట్లేదు, రుద్దుతోంది. కాలిన వాసన వచ్చి గోడలు నల్లబడ్డాయా? అదే మరి. ఫీడ్ 500-700 మధ్య ఉంచి, లోతు మాత్రం పాస్‌కి అర మిల్లీమీటరుతో మొదలుపెట్టి చూడు, శబ్దం నున్నగా ఉంటే 1 మి.మీ. దాకా పెంచు. డౌన్‌కట్ బిట్ అయితే లోతు పాకెట్‌లో పొట్టుని కిందికి తొక్కుతుంది, పొట్టుని పైకి లాగే అప్‌కట్ పెట్టి గాలి కొట్టు. కొలెట్ కూడా తుడువు. అందులో దుమ్ము ఇరుక్కుని బిట్ 0.02 మి.మీ. పక్కకి తిరిగినా పెద్ద బిట్‌కి పెద్దగా పట్టదు గానీ నీ 2 మి.మీ. బిట్‌కి ఒక అంచు మీదే భారమంతా పడుతుంది.

కెరీర్ విషయానికొస్తే, ప్రోగ్రామ్ లోడ్ చేసి బటన్ నొక్కడం ఎవరైనా తొందరగానే నేర్చుకుంటారు. ఏ బిట్, ఎంత పొడవు, ఎన్ని పాస్‌లు అని ముందే చెప్పగలిగేవాడు క్యామ్ ప్రోగ్రామింగ్‌కి (డ్రాయింగ్ చూసి బిట్ నడిచే దారిని కంప్యూటర్‌లో తయారుచేయడం) వెళ్తాడు, అక్కడినుంచి డిజైన్ వైపు దారి ఉంది. కాబట్టి ఆరు నెలలు మెషీన్ దగ్గరే ఉండు, సాయంత్రాలు క్యామ్ నేర్చుకో.

విరిగిన ముక్కలు పారేయలేదు కదా? లెన్స్ కింద పెట్టి చూడు. షాంక్ (కొలెట్‌లో బిగించే కాడ) దగ్గర, ఫ్లూట్ మొదలయ్యే చోట విరిగితే వంగి పోయిందని అనుమానించు. గాడిలో పొట్టు గట్టిగా అతుక్కుని ఉంటే ఊపిరాడక పోయింది. చూసింది నోట్‌బుక్‌లో రాసి, రేపు ఆ మూడు ముక్కలతో సహా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లు.