కృష్ణబిలాల కాంతిని మోడలింగ్ చేసే పీహెచ్‌డీ: చేరాలా, వద్దా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. గెలాక్సీ కేంద్రంలోని భారీ కృష్ణబిలం పరిసరాలు రేడియో నుంచి గామా కిరణాల దాకా ఎలా కనిపిస్తాయో మోడలింగ్ చేసే రంగంలో పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఉద్యోగం దొరకదేమోనని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఒక నెల రోజులు ఒకే గెలాక్సీతో కూర్చోండి. నన్నడిగితే ఎన్‌జీసీ 1068 తీసుకోండి. రేడియో నుంచి ఎక్స్‌రే దాకా దాని కొలతలు పబ్లిక్ డేటాబేసుల్లో ఉచితంగా దొరుకుతాయి. అన్నింటినీ ఒకే గ్రాఫు మీదకు తెచ్చి, సిగాల్ అనే ఉచిత పైథాన్ ప్రోగ్రాంతో మోడల్ సరిపోతుందేమో చూడండి.

గ్రాఫు గీసేటప్పుడే మొదటి చిక్కు ఎదురవుతుంది. ఒక టెలిస్కోపు కేంద్రాన్ని మాత్రమే కొలిచి ఉంటుంది, మరొకటి గెలాక్సీ మొత్తాన్నీ కలిపేసి ఉంటుంది. ఆ రెండు చుక్కల్నీ ఒకే గాటన కట్టారంటే లెక్క తప్పినట్టే. అసలు కష్టం ఆ తర్వాత. కృష్ణబిలం చుట్టూ పళ్లెంలా తిరిగే వాయువు అతినీలలోహిత, దృశ్య కాంతినిస్తుంది. ఆ వేడికి దగ్గర్లోని ధూళి పరారుణంలో వెలుగుతుంది. దాదాపు 1500 కెల్విన్లు దాటితే ఆ రేణువులే ఆవిరైపోతాయి. అయితే కొత్తగా పుట్టిన నక్షత్రాలూ ధూళిని వేడెక్కిస్తాయి కదా! పరారుణ కాంతిలో ఎవరి వాటా ఎంతో విడదీయడమే ఈ పనికి ప్రాణం. రెండు వేర్వేరు జవాబులు ఒకే డేటాకు చక్కగా సరిపోయే రోజులు బోలెడు వస్తాయి.

ఇదే గెలాక్సీలో కేంద్రాన్ని ధూళి కప్పేసింది. 1985లో ఆంటొనూచి, మిల్లర్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు ధ్రువిత కాంతిలో, అంటే పక్కకు చెదిరి ఒకే దిశలో కంపించే కాంతిలో చూస్తే, లోపల దాగిన విశాలమైన వర్ణరేఖలు (కృష్ణబిలం దగ్గర వేగంగా తిరిగే వాయువు ఆనవాళ్లు) బయటపడ్డాయి. చూసే కోణం మారితే ఒకే రకం వస్తువు వేరేలా కనిపిస్తుందన్న ఆలోచనకు బలం వచ్చింది అక్కడే. నాకెంతో ఇష్టమైన ఘట్టం ఇది.

ఇంట్లోవాళ్ల భయం ఉత్తదేమీ కాదు. పీహెచ్‌డీ తర్వాత రెండు మూడేళ్ల చొప్పున పోస్ట్‌డాక్‌లు (తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు), ఊళ్లు, దేశాలు మారడం ఉంటాయి. శాశ్వత పోస్టులు తక్కువ. కానీ అరకొర డేటాలోంచి జవాబు రాబట్టి, అందులో తప్పు ఎంత ఉండొచ్చో కూడా చెప్పగలిగే మనిషి డేటా సైన్స్‌లోనూ మెడికల్ ఇమేజింగ్‌లోనూ పనికొస్తారు. బేయీసియన్ గణాంకాలు (కొత్త డేటా వచ్చేకొద్దీ అంచనాను సవరించుకునే పద్ధతి), పైథాన్ ఇప్పుడే గట్టిగా పట్టండి. గైడ్‌ను ఎంచుకునే ముందు వారి పాత విద్యార్థులు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారో తప్పకుండా అడగండి.

నెల గడిచాక, మోడల్‌కు అందని ఒక్క చుక్క ఎందుకలా ఉందా అని మనసు తొలుస్తుంటే దరఖాస్తు పెట్టండి. ‘హమ్మయ్య, అయిపోయింది’ అనిపిస్తే, అదే పైథాన్‌తో డేటా సైన్స్ వైపు చూడండి.