శ్రీకాకుళం నుంచి మిస్ వరల్డ్ దాకా వెళ్ళొచ్చు, ముందు ఆ ఫీజు మాత్రం కట్టకండి

మీ చెల్లి శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోందని, హైదరాబాద్‌లో మిస్ వరల్డ్ పోటీలు జరిగినప్పటి నుంచి తనూ వెళ్తానంటోందని రాశారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో "మీరు సెలెక్ట్ అయ్యారు, ఇరవై ఐదు వేలు కట్టి సీటు ఖాయం చేసుకోండి" అన్నారట. కట్టాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

కట్టకండి. దరఖాస్తే పెట్టని పిల్లని ఎవరైనా ఎలా సెలెక్ట్ చేస్తారు?

మాది విజయనగరం. ఇలాంటి పోటీ ఒకటి విశాఖలో పెడితే మా అక్క కూతురికి తోడుగా వెళ్ళాను. పేరులో 'ఇంటర్నేషనల్' ఉంది, వచ్చినవాళ్ళంతా మన ఉత్తరాంధ్ర పిల్లలే. ఫీజు కట్టాక మేకప్‌కి వేరే, ఫొటోలకి వేరే, వెంట వచ్చినవాళ్ళ భోజనాలకి కూడా వేరే. చివర్లో డబ్బు కట్టిన ప్రతి అమ్మాయికీ ఏదో ఒక బిరుదు పట్టీ వేశారు: బెస్ట్ స్మైల్, బెస్ట్ హెయిర్, బెస్ట్ వాక్. మా పిల్లకి బెస్ట్ స్కిన్ వచ్చింది. అంత మేకప్ కింద దాని చర్మం జడ్జీలకి ఎక్కడ కనబడిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ మొత్తంలో డబ్బుకి తగ్గ పని చేసింది మా ఊళ్ళో మూడు లాంతర్ల సెంటర్ దగ్గర గౌను కుట్టిన టైలర్ ఒక్కడే. ఫోన్‌లో బొమ్మ చూసి "ఒక పక్క చెయ్యి లేదేటమ్మా, మర్చిపోయారా?" అని అడిగాడు గానీ, కుట్టు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

అసలు దారి వేరే ఉంది. మిస్ వరల్డ్‌కి మన దేశం నుంచి వెళ్ళేది ఫెమినా మిస్ ఇండియా గెలిచిన అమ్మాయి. మిస్ యూనివర్స్‌కి పంపే పోటీ వేరు, దాని నిర్వాహకులు వేరు. ఈ రెండూ ఒకటేననుకునేవాళ్ళ దగ్గరే దళారులు డబ్బు లాగుతారు. ఫెమినా పోటీలో రాష్ట్రానికి ఒక్కరిని ఎంచుకుంటారు. ఎత్తు, వయసు నిబంధనలు ఆ ఏడాది ప్రకటనలో ఉంటాయి, అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకోండి. ముంబై పిల్లలకే వస్తుందని బెంగపడక్కర్లేదు. 2023లో గెలిచిన నందినీ గుప్తాది రాజస్థాన్‌లోని కోటా, 2024లో గెలిచిన నికితా పోర్వాల్‌ది ఉజ్జయిని. కాకపోతే ఓపిక కావాలి. నందిని ఇక్కడ 2023లో గెలిస్తే మిస్ వరల్డ్ వేదిక ఎక్కింది 2025 మేలో. హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగిన ఆ ఫైనల్లో వందకు పైగా దేశాల అమ్మాయిల మధ్య మొదటి 20 దాకా వెళ్ళి ఆగిపోయింది.

కిరీటం థాయ్‌లాండ్‌కు చెందిన ఓపల్ సుచాతా చువాంగ్‌శ్రీకి దక్కింది. పదహారేళ్ళప్పుడు ఆమె రొమ్ములో గడ్డ కనబడింది. ఆపరేషన్ చేయించుకుని, తర్వాత రొమ్ము క్యాన్సర్ మీద అవగాహన కోసం పనిచేస్తూ వచ్చింది. పోటీలో ఆమె ముందుపెట్టిన సేవ కూడా అదే. 2017లో గెలిచిన మన మానుషీ చిల్లర్ నెలసరి శుభ్రత మీద పల్లెల్లో తిరిగి పనిచేసింది. మిస్ వరల్డ్‌లో 'బ్యూటీ విత్ ఎ పర్పస్' అని ఒక విభాగమే ఉంది, ఏదైనా సేవ నిజంగా చేసి చూపించాలి. మా పిల్లని విశాఖలో "సమాజానికి ఏం చేస్తావు?" అని అడిగితే, కోచింగ్‌లో బట్టీ పట్టించిన ఇంగ్లీషు జవాబు రెండో వాక్యంలోనే ఆగిపోయింది. దాని టెన్షన్ ఒకటే కారణం కాదు, ఆ జవాబులో దాని సొంత మాట ఒక్కటీ లేదు.

ఈ విషయంలో మీ చెల్లికి సొంత జిల్లాలోనే కావలసినంత ఉంది. ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకి కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. సెలవుల్లో కవిటి, సోంపేట వైపు వెళ్ళి డయాలసిస్ మీద ఉన్న కుటుంబాలతో నాలుగు రోజులు కూర్చుంటే, తను మాట్లాడే తీరే మారిపోతుంది. ఫొటో కోసం వెళ్ళేటట్టయితే మాత్రం వద్దు, ఆ మనుషులు అలాంటివాళ్ళని చాలామందినే చూశారు. టాలెంట్ రౌండ్ ఉంటుంది, స్పోర్ట్స్ రౌండ్ కూడా ఉంటుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మీ ఆమదాలవలస ప్రాంతమే. వీణ నేర్చుకోవాలంటే మా విజయనగరం సంగీత కళాశాల ఎంత దూరం? నడక నేర్పడానికి నెలకి వేలు తీసుకునే గ్రూమింగ్ సెంటర్ కంటే ముందు వీటిలో ఏదో ఒకటి మొదలెట్టమనండి.

చదువు ఆపడం మాత్రం వద్దు. మన దేశం నుంచి మొట్టమొదట, 1966లో, మిస్ వరల్డ్ అయిన రీటా ఫారియా అప్పటికి మెడిసిన్ చదువుతోంది. సినిమాల జోలికి పోకుండా డాక్టరయింది.

ఇంట్లో పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న బట్టల గురించే. మా పెద్దమ్మ "ఏటే, అంతమందిలో ఆ గుడ్డపీలికలతో నడుస్తావేటే!" అంది. మీ నాన్నగారితో ఈ మాట చెప్పండి: 1951లో లండన్‌లో ఈ పోటీ మొదలైందే బికినీ పోటీగా. 1996లో బెంగళూరులో పెట్టినప్పుడు గొడవలయ్యి, స్విమ్‌సూట్ రౌండ్‌ను సీషెల్స్‌కి తరలించారు. 2015 నుంచి ఆ రౌండ్‌నే తీసేశారు.

అలాగని అంతా బాగుందని కూడా చెప్పను. హైదరాబాద్ పోటీల మధ్యలోనే మిస్ ఇంగ్లాండ్ మిల్లా మాగీ వెళ్ళిపోయింది. డబ్బున్న స్పాన్సర్లను అలరించడానికి తమను కూర్చోబెట్టారని ఆరోపించింది. నిర్వాహకులు కాదన్నారు. ఎవరి మాట నిజమో నేను తేల్చలేను గానీ, అంత పెద్ద పోటీలోనే ఇలాంటి మాట వచ్చిందంటే విశాఖ హోటల్ హాలుకి పిల్లని ఒంటరిగా పంపకూడదు. ఆడిషన్‌కి ఇంట్లోంచి ఒకరు వెంట ఉండండి, స్పాన్సర్‌తో డిన్నర్ అంటే అక్కణ్ణుంచే వెనక్కి వచ్చేయండి, ఏ కాగితం మీదా అక్కడికక్కడ సంతకం పెట్టనివ్వకండి.

ఆ ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళని ఒక్కటే అడగండి: "మీ పోటీలో గెలిచిన అమ్మాయిని ఏ అంతర్జాతీయ పోటీకి పంపుతారు, అందుకు మీకు ఇచ్చిన లైసెన్స్ కాగితం చూపిస్తారా?" మేం ఆ మాట అడిగిన పోటీలవాళ్ళెవరూ మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.