టీవీ కట్టేశాక వచ్చే అరగంట

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లల కోసం రోజూ వచ్చే ఒక కార్యక్రమాన్ని తయారు చేసే పని మీ చానల్ వాళ్లు నీకు అప్పగించారని చదివి చాలా సంతోషించాను. "తల్లిదండ్రులు అసలు ఏం కోరుకుంటారు పెద్దమ్మా?" అని నువ్వు అడిగిన ప్రశ్న నాలుగు రోజులుగా నా మనసులోనే తిరుగుతోంది. 38 ఏళ్లు ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలకు చదువు చెప్పి, సాయంత్రాలు బడి గేటు దగ్గర వాళ్ల తల్లుల గోడు విన్నదాన్ని. ఇప్పుడు నాలుగేళ్ల మనవడితో పగలంతా గడుపుతున్నదాన్ని. ఆ రెండింటి వల్ల తెలిసిందే రాస్తున్నాను.

మీరు తల్లిదండ్రులను కూర్చోబెట్టి అడిగితే నూటికి తొంభైమంది "పిల్లలకు ఏదైనా నేర్పేదిగా ఉండాలండీ" అంటారు. ఆ మాట అబద్ధం కాదు కాని, అదొక్కటే పట్టుకుని అంకెలూ అక్షరాలూ రంగుల పేర్లూ కుక్కేయకు. వాళ్ల అసలు దిగులు వేరే ఉంది. టీవీ కట్టేసిన తరువాత పిల్లవాడు ఎలా ఉన్నాడన్నదే ఆ దిగులు. పిల్లవాడు ఎంతసేపు కన్నార్పకుండా చూశాడన్నది మీ ఆఫీసు లెక్క. ఏడవకుండా లేచి వచ్చాడా, పిలిస్తే పలికాడా, చూసినదాని గురించి ఒక్క ముక్కయినా చెప్పాడా అన్నది ఇంటి లెక్క. పిల్లవాణ్ణి పట్టి ఉంచే కార్యక్రమాలు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. సమయం కాగానే వాణ్ణి మళ్లీ ఇంటికి అప్పగించే కార్యక్రమమే కరువైంది.

మా ఇంట్లో జరిగినదే చెబుతాను. ఒక రాత్రి మనవడు బొమ్మలు గబగబా మారిపోయే కార్టూన్ ఒకటి చూస్తుంటే కోడలు పప్పన్నం ముద్దలు పెడుతోంది. వాడు నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. పచ్చిమిరపకాయ ముక్క తగిలినా ముఖం చిట్లించలేదు. నాలుగో ముద్ద బుగ్గలోనే ఉండిపోయింది. కట్టేసిన మరుక్షణం కాళ్లు నేలకేసి కొడుతూ పావుగంట ఏడ్చాడు. మరొక రోజు అదే పిల్లవాడు చీమల మీద పది నిమిషాల కార్యక్రమం చూశాడు. చివర ఒక పెద్దాయన నేల మీదికి వంగి, "ఇవన్నీ ఎక్కడికి పోతున్నాయో కనిపెడదామా?" అని అడిగి ఊరుకున్నాడు. అది అయిపోగానే వీడు వంటింటి గడప దగ్గరికి పోయి, ఒక నూకగింజ పెట్టి, బోర్లా పడుకుని చూడసాగాడు. "నానమ్మా, ఇది మోయలేక ఇంకో చీమను పిలుస్తోంది" అన్నాడు. ఆ రాత్రి మా కోడలు, "అత్తయ్యా, ఆ చీమలది మళ్లీ ఎప్పుడు వస్తుందో కనుక్కోండి" అని తనంతట తానే అడిగింది. తల్లులు ఏం కోరుకుంటారన్న నీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు అదే.

ఇది ఒక్క మా ఇంటి అనుభవమే అనుకోకు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు నాలుగేళ్ల పిల్లలు 60 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు వేగంగా సాగే కార్టూన్, మరొక జట్టుకు నెమ్మదిగా సాగే విద్యా కార్యక్రమం చూపించి, మూడో జట్టుకు కాగితాలూ రంగులూ ఇచ్చారు. తొమ్మిది నిమిషాల తరువాత చిన్న చిన్న పరీక్షలు పెడితే, తమను తాము అదుపులో ఉంచుకోవడంలో, చెప్పినది గుర్తు పెట్టుకుని చేయడంలో వేగం కార్టూన్ చూసిన జట్టే వెనకబడింది. 2011లో ఆ ఫలితాలు ప్రచురించారు. తొమ్మిది నిమిషాలకే అంత తేడా కనిపించిందంటే, దృశ్యం ఎంత వేగంగా మార్చాలన్నది నువ్వు ఎడిటింగ్ గదికి వదిలేయదగిన విషయం కాదు.

నాకు మొదటి ఉద్యోగం వచ్చినది 1975లో. ఆ ఏడాది ఆగస్టు 1న మన దేశంలో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించే ప్రయోగం మొదలైంది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలు ఎంచుకుంటే మా పాఠశాల ఉన్న ఊరు అందులో పడింది. కోళ్ల గూడుకు వాడే ఇనుప వల లాంటి దానితో చేసిన, పెద్ద గొడుగులాంటి యాంటెన్నాను బడి దగ్గర నిలబెట్టారు. ఉదయం పూట బడిపిల్లల కోసం వచ్చే ప్రసారంలో తెలుగు పిల్లల వంతు ఇరవై నిమిషాల పైచిలుకే. అది కాగానే పెట్టె మూసేవాళ్లం. ఆ తరువాత చెట్టు కింద కూర్చుని, చూసినదాని గురించి గంటసేపు మాట్లాడుకునేవాళ్లం. 1976 జులై 31తో ఆ ప్రయోగం ముగిసింది. ఆ పిల్లల్లో కొందరికి ఇప్పుడు మనవలు ఉన్నారు; ఎప్పుడైనా కనిపిస్తే తెర మీద చూసినదాని కంటె చెట్టు కింద చెప్పుకున్నదే ఎక్కువ గుర్తు చేస్తారు. అందుకే నీ కార్యక్రమం ప్రతి రోజూ ఇంట్లో చేయగల ఒక పని చెప్పి ముగియాలని నా కోరిక. గిన్నెలో నీళ్లు పోసి ఏది మునుగుతుందో చూడమను, తాతయ్య చిన్నప్పుడు ఏం ఆడేవాడో అడగమను. డబ్బు పెట్టి కొనవలసిన వస్తువు మాత్రం ఒక్కటీ అడగకు.

ఇక భాష సంగతి. టీవీ వాళ్లు చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది: తల్లి నీ కార్యక్రమాన్ని చూడదు, వింటుంది. కుక్కరు కూతల మధ్య, కూరగాయలు తరుగుతూ, హాల్లోంచి వచ్చే మాటలను బట్టి అది మంచిదో కాదో తేల్చుకుంటుంది. ఇంకో భాషలో తీసిన బొమ్మల నోళ్ల కదలికకు సరిపోయేలా ఇరికించిన తెలుగు ఆమె చెవికి వెంటనే తెలిసిపోతుంది. మా పక్కింటి అయిదేళ్ల అమ్మాయి అమ్మమ్మ మీద అలిగి "నేను నిన్ను ద్వేషిస్తున్నాను" అంది. ఆ ముసలావిడ బిత్తరపోయింది. మన పిల్లలు అలిగితే "నీతో మాట్లాడను పో" అనేవాళ్లు, సాయంత్రానికి మళ్లీ ఒళ్లో ఉండేవాళ్లు. ఆ పిల్లకు ద్వేషమంటే ఏమిటో తెలియదు, టీవీ నోటికి ఇచ్చిన మాట అప్పజెప్పింది. కనుక ముందు తెలుగులో ఆలోచించి, తెలుగులో రాసి, ఆ తరువాతే బొమ్మలు గీయించు. శ్రీకాకుళం పిల్లా పాలమూరు పిల్లా తమ ఇంటి మాటను అప్పుడప్పుడైనా అందులో వినాలి. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగే పిల్లల తల్లిదండ్రులైతే, అమ్మమ్మతో ఫోనులో రెండు మాటలు మాట్లాడడం వస్తే చాలని ఎదురు చూస్తూ ఉంటారు.

ప్రశ్న వేసిన తరువాత ఆగడం నేర్చుకో. మన ఇళ్లలో ఏడు చేపల కథ చెప్పేటప్పుడు "ఎందుకు ఎండలేదు?" అని అడిగి ఆగుతాం, జవాబు పిల్లవాడే చెబుతాడు, నూరోసారి అయినా మొదటిసారి చెప్పినంత ఉత్సాహంగా చెబుతాడు. 1996లో అమెరికాలో మొదలైన ‘బ్లూస్ క్లూస్’ కార్యక్రమాన్ని ఇదే పద్ధతిలో, ప్రశ్న అడిగి పిల్లలు జవాబు చెప్పేదాకా ఆగేలా తయారు చేశారు. పైగా ఒకే భాగాన్ని వరుసగా అయిదు రోజులు చూపించేవారు. మళ్లీ మళ్లీ చూసిన పిల్లలు విసుక్కోకపోగా ఇంకా ఎక్కువగా జవాబులు చెప్పడం పరిశోధకులు గమనించారు. పెద్దవాళ్లకు ఆ మౌనం ఖాళీగా తోచవచ్చు, సంగీతంతో నింపమని నిన్ను తొందరపెట్టవచ్చు. ఒప్పుకోకు.

నిడివి విషయంలో కూడా గట్టిగా ఉండు. రెండేళ్ల లోపు పిల్లలకు, దూరాన ఉన్న బంధువులతో వీడియో కాల్ తప్ప, తెర అసలే వద్దని, రెండు నుంచి అయిదేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించకూడదని భారత శిశువైద్యుల అకాడమీ 2021లో చెప్పింది. నువ్వు అరగంట తీసుకుంటే ఆ పిల్లవాడి వాటాలో సగం తీసుకున్నట్టే. పన్నెండు, పదిహేను నిమిషాలు చాలు. రోజూ ఒకే వేళకు రావాలి, అయిపోయిందని పిల్లవాడికి స్పష్టంగా తెలియాలి. "తరువాత ఏమైందో రేపు చూద్దాం" అని ఊరించి ఆపడం ఈ వయసు వాళ్లకు చేసే అన్యాయం.

ప్రకటనల మాట నీ చేతిలో ఉండకపోవచ్చు, అయినా అడుగు. చిప్స్, శీతల పానీయాల వంటి చిరుతిళ్ల ప్రకటనలు పిల్లల కార్యక్రమాల్లో, పిల్లల చానళ్లలో వేయకూడదని కేంద్రం 2022లో తెచ్చిన మార్గదర్శకాలలోనే ఉంది. మంచి కథ చూపించి, ఆ వెంటనే పిల్లవాణ్ణి కొట్టుకు తరిమితే తల్లికి కథ గుర్తుండదు, కొట్టు దగ్గర జరిగిన గొడవే గుర్తుంటుంది. ఎత్తు మీది నుంచి దూకడం, నిప్పుతో ఆడడం, మెడకు గుడ్డ చుట్టుకోవడం లాంటివి బొమ్మల్లో కూడా వద్దు. నాలుగేళ్ల వాడికి అది కథ కాదు, చేసి చూడవలసిన పని.

మొదటి భాగం సిద్ధం కాగానే, పైవాళ్లకు చూపించే ముందే, అయిదారు ఇళ్లకు తీసుకువెళ్లు. 1960లలో ‘సెసేమ్ స్ట్రీట్’ తయారు చేసేవాళ్లు టీవీ పక్కనే మరొక తెర మీద రంగు బొమ్మలు మారుస్తూ, పిల్లవాడి చూపు ఎక్కడ పక్కకు తిరిగిందో రాసుకునేవారు. నువ్వూ టీవీకి వీపు పెట్టి, పిల్లవాడికి ఎదురుగా కూర్చుని రాసుకో. అయితే కట్టేయగానే లేచి వచ్చేయకు. ఆ ఇల్లాలు కాఫీ ఇస్తే తాగుతూ ఇంకో అరగంట ఉండు; వాడు ఏడ్చాడా, ఏం అడిగాడు, ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నాడు, చూసి రాసుకో.

మొదటి ఇల్లు మాదే కానివ్వు. సాయంత్రం అయిదు దాటాక రా, అప్పటికి వాడు నిద్ర లేచి పాలు తాగి ఉంటాడు.

ఇట్లు,
మీ పెద్దమ్మ