ఎఫ్32 దరఖాస్తు పౌరసత్వం దగ్గర ఆగిపోతే

లోపం మీలో లేదు, ఎంచుకున్న గ్రాంటులో ఉంది. తిరుపతి ఎస్వీయూలో పీహెచ్‌డీ అయ్యాక హెచ్‌ఐవీపై పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) కోసం, అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ ఇచ్చే ఎఫ్32 ఫెలోషిప్‌కి పెట్టబోతే పౌరసత్వం దగ్గర ఆగిందని మీరన్నారు. అది అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే.

1. ఎన్‌ఐహెచ్‌లోనే అంతర్జాతీయ పరిశోధనలు చూసే ఫోగార్టీ సెంటర్ వైపు చూడండి. విదేశీ పరిశోధకులకు ఎయిడ్స్ శిక్షణ గ్రాంట్లు 1988లో మొదలుపెట్టింది అదే.

2. చాలామంది వదిలేసేది ఇదే: వాళ్ల డీ43 అనే శిక్షణ గ్రాంటు వ్యక్తికి ఇవ్వరు, సంస్థకు ఇస్తారు. అందుకే మీ పేరుతో నింపే ఫారం ఎంత వెతికినా దొరకదు. ఎన్‌ఐహెచ్ గ్రాంట్ల వివరాలుండే రిపోర్టర్ సైట్‌లో డీ43, హెచ్‌ఐవీ, ఇండియా అని వెతకండి. ప్రాజెక్టు, దాన్ని నడిపే ప్రొఫెసర్ పేరు వస్తాయి. పుణె బీజే మెడికల్ కాలేజీ, జాన్స్ హాప్‌కిన్స్ కలిసి నడిపిన శిక్షణ ఇలాంటిదే. ముగింపు తేదీ తప్పకుండా చూడండి, గడువైపోయిన ప్రాజెక్టుకు రాసి లాభం లేదు. అవకాశాలు ఎక్కువగా భాగస్వామి సంస్థల్లో ఉన్నవాళ్లకే వెళ్తాయి కాబట్టి, ఆ ప్రొఫెసర్‌కు రాసే మెయిల్‌లో ముందు అక్కడ చేరే దారి అడగండి. మీ థీసిస్ వాళ్ల పనికి ఎలా పనికొస్తుందో నాలుగు వాక్యాల్లో చెప్పండి, చాలు.

3. అమెరికా ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌గా చేరితే కే99 అనే ఎన్‌ఐహెచ్ గ్రాంటు ఉంది, దానికి పౌరసత్వం అడగరు. పోస్ట్‌డాక్ అనుభవం నాలుగేళ్లు దాటకముందే పెట్టాలి.