బేరింగ్ మార్చాక ఏబీఎస్ లైటు వెలుగుతోందా? సెన్సర్ కొనే ముందు బేరింగ్ ఎటు తిరిగి ఉందో చూడండి

మీ ప్రశ్న చదవగానే నా పాత బిల్లులు గుర్తొచ్చాయి. ముందు ఎడమ చక్రం బేరింగ్ మార్పించారు, మర్నాటి నుంచి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లైటు ఆరడం లేదు, షెడ్డులో ఆ చక్రం దగ్గరి వీల్ స్పీడ్ సెన్సర్ పోయిందంటున్నారు. అసలు ఆ సెన్సర్ చేసే పనేంటి, ఈలోగా బండి నడపొచ్చా అని కదా మీరు అడిగింది. రెండేళ్ల కిందట నాకూ అచ్చం ఇలాగే జరిగింది. కొత్త సెన్సర్‌కి దాదాపు మూడు వేలు పెట్టాక గానీ తెలియలేదు, పాత సెన్సర్ నిక్షేపంగా ఉందని.

నడపడం సంగతి ముందు చెప్పేస్తాను. పసుపు రంగు ఏబీఎస్ లైటు ఒక్కటే అయితే మామూలు బ్రేకులు ఎప్పటిలాగే పడతాయి. కాకపోతే వానలో గట్టిగా తొక్కితే చక్రాలు లాక్ అయిపోతాయి, అంటే తిరగడం మానేసి జారతాయి, అప్పుడు స్టీరింగ్ తిప్పినా బండి మాట వినదు. మీ ముందు వెళ్లే బండికి దూరంగా ఉండండి, అంతే. దాంతో పాటు ఎర్ర బ్రేకు లైటు కూడా వెలుగుతుంటే మాత్రం బండి తీయొద్దు. ముందు బ్రేక్ ఆయిల్ చూడండి, తర్వాత మెకానిక్‌ని ఇంటికే పిలవండి.

ఇక సెన్సర్. చక్రంతో పాటు ఒక రింగు తిరుగుతుంటుంది. దానికి సుమారు ఒక మిల్లీమీటరు దూరంలో సెన్సర్ కదలకుండా కూర్చుని ఉంటుంది. రింగు మీది పళ్లో, గుర్తులో తన ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఒక పల్స్ పంపుతుంది. దానికి వేగమంటే ఏంటో తెలియదు. లెక్క కట్టేది ఏబీఎస్ కంట్రోలర్. రింగులో 48 గుర్తులున్నాయనుకుందాం. హ్యాచ్‌బ్యాక్‌లకు వేసే 15 అంగుళాల టైరు ఒక చుట్టు తిరిగితే బండి రెండు మీటర్లకు కాస్త తక్కువ కదులుతుంది. గంటకు 60 కి.మీ. వేగంలో సెకనుకు ఎనిమిదిన్నర చుట్లు, అంటే 400 పైచిలుకు పల్సులు. నాలుగు చక్రాల పల్సులనూ కంట్రోలర్ పక్కపక్కన పెట్టి చూస్తుంటుంది. మీరు బ్రేకు తొక్కినప్పుడు మూడు చక్రాల లెక్క క్రమంగా తగ్గుతూ, ఒకదాని లెక్క మాత్రం ఠక్కున పడిపోయిందనుకోండి. టన్ను బరువున్న బండి అంత తొందరగా నెమ్మదించలేదు కాబట్టి, ఆ చక్రం లాక్ కాబోతోందని దానికి అర్థమైపోతుంది. ఆ ఒక్క చక్రానికే ఆయిల్ ప్రెజర్ కాస్త వదిలి, మళ్లీ ఇస్తుంది. ఒక్క సెకనులోనే ఇది పదే పదే జరుగుతుంది. కాలి కింద పెడల్ గడగడలాడేది అందుకే.

ఈ సెన్సర్లు రెండు రకాలు. పాత రకం మన చిన్నప్పటి సైకిల్ డైనమో లాంటిది. లోపల అయస్కాంతం, దాని చుట్టూ తీగ చుట్ట. ఇనుప పళ్ల రింగు ముందు నుంచి తిరుగుతుంటే అయస్కాంత క్షేత్రం మారి, తీగలో కరెంటు పుడుతుంది. బయటి నుంచి కరెంటు అక్కర్లేదు. మెల్లగా తొక్కితే డైనమో లైటు మినుకుమినుకుమన్నట్టే, బండి బాగా నెమ్మదించాక దీని సిగ్నల్ కూడా నీరసపడుతుంది. గంటకు ఐదారు కిలోమీటర్ల లోపు దీన్ని నమ్మలేం.

కొత్త రకానికి కంట్రోలరే కరెంటు పంపుతుంది. లోపలి చిప్ అయస్కాంత క్షేత్రంలో మార్పు కనిపెట్టి, తీసుకునే కరెంటును ఎక్కువ తక్కువలు చేస్తుంది. చాలావాటిలో 7 మిల్లీయాంపులు ఒక మెట్టు, 14 మిల్లీయాంపులు ఇంకో మెట్టు. మధ్యలో ఏమీ ఉండదు. అందుకే చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పినా కనిపెట్టేస్తుంది. దీంతో పాటు రింగు కూడా మారింది. ఇప్పుడు చాలా కార్లలో ఇనుప పళ్లు లేవు. బేరింగ్‌కి ఒక పక్కనుండే సీలు మీదే ఉత్తర ధ్రువం, దక్షిణ ధ్రువం మార్చి మార్చి అయస్కాంతీకరించిన పల్చటి పట్టీ ఉంటుంది. చూడ్డానికి ఉత్త నల్ల రబ్బరు సీలులాగే కనిపిస్తుంది. మీ సమస్య (నాదీ) అక్కడే ఉందని నా అనుమానం.

నాది 2016 మోడల్ హ్యాచ్‌బ్యాక్. విజయవాడలో ఇంటి దగ్గరి షెడ్డులో ముందు బేరింగ్ మార్పించాను. బండి తీసిన రెండో నిమిషంలోనే లైటు. వెనక్కి తీసుకెళ్తే స్కానర్ పెట్టి, "ఎడమ ముందు వీల్ స్పీడ్ సెన్సర్ అని చూపిస్తోంది సార్, మార్చేద్దాం" అన్నారు. మార్చారు. కంట్రోలర్ దాచుకున్న ఆ లోపం కోడ్ చెరిపేశారు. గేటు దాటేసరికి మళ్లీ లైటు. సెన్సర్ డూప్లికేటేమో అని ఇంకొకటి వేస్తామన్నారు. అక్కడ నాకు ఓపిక అయిపోయింది.

తర్వాత ఆటోనగర్‌లో తెలిసిన పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన బండి కింద చూడనే లేదు. "కోడ్ చెరిపాక, తాళం తిప్పగానే వెలిగిన లైటు ఆరుతోందా? కదిలాకే వస్తోందా?" అని అడిగారు. కదిలాకే అన్నాను. ఆ ఒక్క ప్రశ్నతోనే సగం తేలిపోయింది. వైరు తెగినా, సెన్సర్ కాలిపోయినా కంట్రోలర్‌కి బండి కదలకముందే తెలిసిపోతుంది, లైటు ఆరనే ఆరదు. ఆరి, కాస్త దూరం పోయాక వచ్చిందంటే కరెంటు దారి బాగానే ఉంది, పల్సులే రావడం లేదు. స్కానర్‌లో లైవ్ డేటా పెట్టి బండిని నెమ్మదిగా నడిపించారు. మూడు చక్రాలు 12 కి.మీ. చూపిస్తుంటే ఎడమ ముందుది సున్నా. "కళ్లు బాగానే ఉన్నాయి సార్, చూడాల్సిందే అటు తిరిగి కూర్చుంది" అన్నారు. విప్పి చూస్తే అదే నిజం. బేరింగ్‌ని తిరగేసి ప్రెస్ చేశారు, అయస్కాంతం ఉన్న సీలు సెన్సర్‌కి అవతలివైపు పడింది.

దీనికి ఆ షెడ్డువాళ్లను మరీ తిట్టలేను. పాత బండ్ల బేరింగ్‌లకు ఎటు ప్రెస్ చేసినా తేడా ఉండేది కాదు, చేతికి అదే అలవాటు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయ్యాక ఇలాంటి బేరింగ్‌లు ప్రతి సందులోని షెడ్డుకూ వస్తున్నాయి. ఎటువైపు అయస్కాంతమో తెలియాలంటే పేపర్ క్లిప్పు ఆనించి చూస్తే చాలు, ఒకవైపు పట్టీ పట్టనట్టు అంటుకుంటుంది. తిరగేసి ఎక్కించిన బేరింగ్‌ని తీసి మళ్లీ అదే వాడొద్దు. ప్రెస్‌తో బయటికి తోసేటప్పుడు గోళీల మీద ఒత్తిడి పడి లోపలి దారి దెబ్బతింటుంది, నాలుగు రోజుల్లో మళ్లీ హోరు మొదలవుతుంది. అలా నాకు రెండో బేరింగ్ ఖర్చూ తగిలింది.

లైటు రాకుండానే ఇబ్బంది పెట్టే రకం ఇంకొకటుంది. మా బావగారిది కాకినాడలో పాత కారు. సిగ్నల్ దగ్గర ఆగబోతుండగా, చివరి రెండు మూడు మీటర్లలో పెడల్ గడగడలాడి బండి కాస్త ముందుకు జారేది. సెన్సర్ కూర్చునే చోట తుప్పు ఉబ్బి దాన్ని పైకి లేపేసింది. ఆ కాస్త దూరం పెరిగేసరికి డైనమో రకం సెన్సర్ సిగ్నల్ మిగతా చక్రాల కంటే ముందే ఆగిపోయేది. కంట్రోలర్ ఆ చక్రం లాక్ అయిందనుకుని బ్రేకు వదిలేది. తుప్పు గీకి శుభ్రం చేస్తే పోయింది. పైసా పార్టు కొనలేదు.

మీరిప్పుడు చేయాల్సింది, సెన్సర్‌కి ఒప్పుకోకముందే లైవ్ డేటా చూపించమనండి. చవగ్గా దొరికే చిన్న రీడర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి, ఏబీఎస్ చదివే స్కానర్ కావాలి. మల్టీమీటర్‌తో ఓములు కొలిచి "పోయింది" అంటే నమ్మకండి. ఆ పరీక్ష డైనమో రకానికే పనికొస్తుంది, కొత్త రకానికి అర్థం లేదు. బేరింగ్ విప్పినప్పుడు నకిల్ (బేరింగ్ కూర్చునే ఇనుప దిమ్మ) దగ్గర వైరు నలిగిందేమో, కనెక్టర్ సరిగా కూర్చుందేమో కూడా చూడమనండి. పాత బిల్లు మీద బేరింగ్ పార్ట్ నంబరు మీ బండిదేనా అన్నది సరిచూడండి. అయస్కాంతం లేని బేరింగ్ వేసినా లక్షణాలు ఇవే. కోడ్ చెరిపాక లైటు తాళం తిప్పాక ఆరకుండానే ఉంటోందా, ఆరి కదిలాక వస్తోందా అన్నది చెబితే ఇంకాస్త గట్టిగా చెప్పగలను.